కారణం దొరక్కపోతే జబ్బు లేనట్టు కాదు
కారణం తేలని నరాల జబ్బుతో బతుకుతున్నవాళ్ళ ప్రణాళిక

అరికాళ్ళ మంటలతో రాత్రిళ్ళు దుప్పటి కూడా ఓర్వలేనివాళ్ళం మేము. తిమ్మిర్లు వేళ్ళ దగ్గర మొదలై పిక్కల దాకా పాకినవాళ్ళం. షుగరు లేదు, థైరాయిడ్ బాగానే ఉంది, రిపోర్టులన్నీ నార్మల్ అనిపించుకుని ఇంటికొచ్చినవాళ్ళం. మాలో మేం కుదుర్చుకున్న నియమాలివి.

1. మా బాధ నిజం. నెర్వ్ కండక్షన్ పరీక్ష లావుపాటి నరాల పోగుల్నే పట్టిస్తుంది. నొప్పినీ వేడినీ మోసే సన్నపోగులు దానికి అందవు. వాటి సంగతి తెలియాలంటే చీలమండకు 10 సెంటీమీటర్ల పైన, 3 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి అందులోని పోగుల్ని లెక్కపెట్టాలి. ఆ పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడుగుతాం. ‘అంతా నీ భ్రమ’ అంటే ఒప్పుకోం.

2. మామూలు కారణాలను దాటేయం. బీ12 లోపం, మద్యం, హెచ్ఐవీ, క్యాన్సర్ మందులు, క్షయకు వాడే ఐసోనియాజిడ్, అన్నీ చూపించుకుంటాం. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గొచ్చు. కుష్ఠు పరీక్షకు సిగ్గుపడం. అది మందులతో నయమయ్యే జబ్బు.

3. ఆటోఇమ్యూన్ అనుమానాన్ని కొట్టిపారెయ్యం, నెత్తికెక్కించుకోం. షోగ్రెన్స్ అనే ఆటోఇమ్యూన్ జబ్బులో కళ్ళూ నోరూ ఎండకముందే నరాలు దెబ్బతినొచ్చు. అలాగని ఏఎన్ఏ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, ఆరోగ్యవంతుల్లోనూ వస్తుంది. రోగనిరోధక శక్తిని అణిచే మందులకు గట్టి ఆధారం ఉండాలి. ఆధారం ఉన్నప్పుడు ఆలస్యం చెయ్యకూడదు: రెండు నెలలకు పైగా బలహీనత పెరుగుతూ పోయే సీఐడీపీ అనే నరాల జబ్బుకు స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ పనిచేస్తాయి.

4. కొన్నిటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగం. కాళ్ళూ చేతులూ రోజుల్లోనే చచ్చుబడుతున్నా, మింగుడు పడకపోయినా, ఊపిరి అందకపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్తాం. గీలన్ బారే అనే నరాల జబ్బు వ్యవధి ఇవ్వదు.

5. ‘నరాల బలహీనత’కు బలం సూదులు, పేరులేని పొడులు కొనం. బలం బిళ్ళల్లో ఉండే విటమిన్ బీ6 మోతాదు మించితే అదే నరాలను దెబ్బతీస్తుంది. బిళ్ళల డబ్బా మీద రాసింది చదివాకే మింగుతాం.

6. కారణం తేలేదాకా బతుకును ఆపం. ప్రీగాబాలిన్, డ్యులోక్సెటిన్ వంటివి నొప్పిని తగ్గిస్తాయి, కారణాన్ని కాదు. వాటిని చెప్పాపెట్టకుండా మానెయ్యం. రోజూ పాదాలు చూసుకుంటాం, అరికాలు కనబడకపోతే ఇంట్లోవాళ్ళను చూడమంటాం. వేసవిలో కాలే గుడిబండల మీద ఒట్టికాళ్ళతో ప్రదక్షిణ చెయ్యం. మొద్దుబారిన కాలితో నీళ్ళ వేడి చూడం. రాత్రి లేచే దారిలో దీపం ఉంచుకుంటాం.

7. పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెడతాం. ఎప్పుడు, ఎక్కడ మొదలైంది, ఎంత పైకి పాకింది, ఏ మందు వాడాక ఏమైంది అన్నది ఒక పేజీలో రాసుకుంటాం. ఈసారి దొరకని కారణం తర్వాత బయటపడొచ్చు కాబట్టి పరీక్షలు మళ్ళీ ఎప్పుడని అడుగుతాం.

డాక్టర్లకు మా విన్నపం: తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఆ మాట మమ్మల్ని బాధపెట్టదు. దాని వెనకే ‘మళ్ళీ ఎప్పుడు రావాలో’ కూడా చెప్పండి.

ఇంట్లోవాళ్ళకు: పైకి బాగానే కనిపిస్తున్నామని పనులు లెక్కగట్టకండి. కూర్చుని చేసే పని ఇవ్వండి, చేస్తాం.

మాలో ఎవరికైనా కారణం దొరికితే మిగతావాళ్ళకు చెప్పి తీరాలి: ఏ పరీక్షలో తేలిందో, ఏ లక్షణం దారి చూపిందో. మందుల చీటీ మాత్రం ఒకరిది ఇంకొకరు వాడం.