పెద్ద పొట్లంలో చిన్న పొట్లం

పిల్లలూ! మీలో పత్తి పండే ఊళ్లవాళ్లు ఉంటే ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. కొన్నేళ్ల క్రితం వరకూ బీటీ పత్తి విత్తనాలు కొంటే, 450 గ్రాముల గింజలతోపాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఒకటి వచ్చేది. అందులో ఉన్నవి మామూలు పత్తి గింజలు. చాలామంది రైతులు వాటిని విత్తేవారే కాదు. కాని ఆ పొట్లం కొసరు కాదు. అది ప్రభుత్వం పెట్టిన షరతు!

బీటీ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి పేరుకు అది పొట్టిరూపం. 1901లో జపానులో ఇషివాటా అనే ఆయన, పట్టుపురుగులు ఎందుకు చస్తున్నాయో వెతుకుతూ దీన్ని కనిపెట్టాడు. పదేళ్ల తరవాత జర్మనీలోని తురింజియాలో మళ్లీ కనపడితే, ఆ ఊళ్ల పేరే దానికి స్థిరపడింది. అది తయారుచేసే ఒక మాంసకృత్తు కాయతొలుచు పురుగు కడుపులోకి పోతే పేగులకు చిల్లులు పడి పురుగు చస్తుంది. ఆ మాంసకృత్తును తయారుచేసే జన్యువును శాస్త్రజ్ఞులు పత్తిమొక్కలో పెట్టారు. ఇక పురుగు కాయను కొరికితే తన చావును తనే కొరికినట్టు!

ఇటువంటి మొక్కను ఎవరికి తోచినట్టు వారు నాటడానికి వీల్లేదు. 1989లో చేసిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖలోని ఒక సంఘం అనుమతి ఇవ్వాలి. దీని పుప్పొడి ఎంత దూరం పోతుంది, గింజలు తిన్న గొడ్లకు ఏమవుతుంది, ఇవన్నీ చూడాలి. మేకలకు, కోళ్లకు, చేపలకు కూడా పెట్టి చూశారు. చివరకు 2002 మార్చి 26న మూడు రకాల బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అదీ మూడేళ్లకే. గడువు తీరాక, 2005లో, ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడు రకాలకూ అనుమతి పొడిగించలేదు. పంట బాగా రాలేదని ఇక్కడి రైతులు మొర పెట్టుకున్నారు. అనుమతి ఇచ్చిన చేతికే దాన్ని ఆపే హక్కు కూడా ఉన్నదన్నమాట.

ఇక చిన్న పొట్లం. బీటీ చేను చుట్టూ అయిదు వరసలుగాని, చేనులో అయిదోవంతుగాని, ఏది ఎక్కువైతే అంత మేర మామూలు పత్తి వెయ్యాలని షరతు. ఎందుకు? పురుగులకు మేత కోసం! నవ్వకండి. లక్షల పురుగుల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే ఈ విషానికి తట్టుకునేవి ఉంటాయి. చేనంతా బీటీయే అయితే మిగిలేవి అవే. వాటికి అవే జోడీ అవుతాయి, పిల్లలన్నీ మొండివే అవుతాయి. పక్కనే మామూలు పత్తి ఉంటే అక్కడ మామూలు పురుగులు వేలకు వేలు పెరిగి, రెక్కలు వచ్చాక ఈ మొండివాటితో కలుస్తాయి. అప్పుడు పుట్టే పిల్లలు చాలావరకు బీటీకి లొంగుతాయి.

ఉపాయం బాగానే ఉన్నది. కాని అప్పు తెచ్చి సేద్యం చేసే రైతును, నీ పొలంలో కొంత పురుగులకు వదులు అంటే ఎట్లా వదులుతాడు? ఆ తప్పు ఆయన ఒక్కడి మీద వెయ్యటం నాకు న్యాయంగా తోచదు. ఏమైతేనేం, గుజరాత్‌లో గులాబీరంగు పురుగు బీటీకి తట్టుకుంటున్నదని 2010లో తెలిసింది. అప్పటికే, 2006లో, రెండు జన్యువులున్న పత్తికి అనుమతి వచ్చి ఉన్నది. ఆ పురుగు దాన్ని కూడా జయించి, మన తెలుగు జిల్లాల చేలకూ వచ్చింది. పంటను నెలల తరబడి చేనులోనే ఉంచటం కూడా దానికి కలిసివచ్చింది.

వంకాయ కథ వేరు. 2009లో సంఘం బీటీ వంగకు సరేనన్నది. మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరాలలో సభలు పెట్టి అందరి మాటా విని, 2010 ఫిబ్రవరి 9న దాన్ని ఆపేశారు. ఆ ఏడే సంఘం పేరులోని “అనుమతి” అనే మాట పోయి, “మదింపు” అనే మాట వచ్చింది. మన పొరుగున బంగ్లాదేశ్ రైతులు మాత్రం 2014 నుంచి ఆ వంకాయ పండిస్తున్నారు.

చిన్న పొట్లం ఏమైందంటారా? రెండు రకాల గింజలనూ ఒకే పొట్లంలో కలిపి అమ్మే పద్ధతి తరవాత వచ్చింది. ఇప్పుడు రైతు వద్దన్నా చేనులో అక్కడక్కడా మామూలు మొక్క మొలుస్తుంది. అది ఏదో ఆయనకే తెలియదు.