మైలు దూరమునకు మోటారా?

ఇంటినుండి న్యాయస్థానమునకు మైలైనను లేని వకీలు టన్ను బరువు ఇనుమును వెంటబెట్టుకొని పోవుచున్నాడు! నిన్నటిదాక మేమును అట్టివారమే. సైకిలు కొనిన పిమ్మటనే యీ మాట వ్రాయుచున్నాము. ప్లీడరు సైకిలెక్కినచో కక్షిదారులు తొలగుదురని మిత్రులు బెదరించిరి. ఒక్కడును తొలగలేదు. దేశమునకు వలయు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి వచ్చుచుండగా, సభలో స్వదేశీయమును బోధించి కారెక్కి యింటికి బోవుట యేమి దేశభక్తి?

ఇక ప్రభుత్వమువారి సైకిలు ప్రీతి చూడుడు. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కను 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి, సౌరఫలకముల కప్పు కప్పిరి. మంచిదే. కాని యది ఊరి యంచున నున్నది. సైకిలును కారునకు గట్టుకొని యచటికి బోవు వినోదప్రియులును గలరు! కచేరికి, బడికి, అంగడికి బోవు వీథులలో మాత్రము సైకిలువానికి మూరెడు చోటు లేదు. అచట నొక ప్రక్క గీత గీసి, మోటార్లను దానిపై నిలువనీయకుండుటకు కోట్లు కావలెనా?