ఆ అనుమానం పాపం కాదు, జబ్బు

పాతికేళ్ల కుర్రాడొకడు మూడు నెలల్లో నాలుగుసార్లు మా మెడిసిన్ ఓపీకి వచ్చాడు. ప్రతిసారీ ఒకటే బాధ: మూత్రానికి వెళ్లొచ్చాక చుక్కలు పడుతున్నాయని. షుగర్ లేదు. యూరిన్ కల్చర్ బాగుంది. అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనిపించలేదు. యూరాలజీకి పంపితే వాళ్లూ నార్మల్ అని రాసి వెనక్కి పంపారు. ఐదోసారి వాళ్లమ్మ వెంట వచ్చింది. "బాత్రూంలో ముప్పావుగంట ఉంటాడు సార్. వుజూ చేస్తాడు, మళ్లీ చేస్తాడు. నమాజ్‌కి నిలబడి మధ్యలోనే వచ్చేస్తాడు. ట్యాంకు నీళ్లన్నీ అయిపోయి పైపోర్షన్ వాళ్లతో రోజూ గొడవ" అంది. అప్పుడు అతని చేతులు చూశాను. వేళ్ల సందుల్లో చర్మం నాని, తెల్లబడి, చీలి ఉంది. అంతకుముందు నాలుగుసార్లు నేను నాడి పట్టుకున్న చేతులే అవి!

గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. సికింద్రాబాద్‌లో బోయిగూడ నుంచో చిలకలగూడ నుంచో ఇలాంటివాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. చాలామందిని గ్యాస్ అనో, నీరసం అనో రాసి పంపించేసి ఉంటాం.

అమ్మను బయట కూర్చోమని, ఇంకేమైనా ఉందా అని అడిగాను. చాలాసేపు నేలచూపులు చూసి చెప్పాడు. నమాజ్‌లో ఉండగా దేవుడి గురించి, ప్రవక్త గురించి ఛండాలమైన మాటలు మనసులోకి వచ్చి పడతాయట. "నోటితో చెప్తే నేను ముస్లింని కాకుండా పోతానేమో సార్" అన్నాడు. రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

దీన్ని మన తెలుగిళ్లలో చాదస్తం అంటాం. దక్కనీ మాట్లాడే ఇళ్లలో వహం అంటారు, మతం చదివినవాళ్లు వస్వాస్ అంటారు. మేం ఓసీడీ అంటాం. అన్ని మతాలవాళ్లకూ వస్తుంది. గుళ్లో విగ్రహం ముందు బూతులు గుర్తొచ్చి గుడికే వెళ్లడం మానేసిన ఆవిడను చూశాను. క్షమాపణే లేని పాపం చేసేశానని ఏడ్చిన చర్చి పాటగాణ్నీ చూశాను. మనిషికి ఏది అన్నిటికన్నా పవిత్రమో, ఈ జబ్బు సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మతాన్ని ప్రశ్నించేవాళ్లందరూ రోగులు కారు. చదివి, ఆలోచించి, ఒక విషయం నమ్మబుద్ధి కావడం లేదని చెప్పే మనిషికి నా దగ్గర మందు లేదు, అవసరమూ లేదు. ఆ ప్రశ్న అతనిది, అతను కోరుకున్నది. ఓసీడీలో ఆలోచన పిలవకుండా వస్తుంది, వచ్చినందుకు మనిషి వణికిపోతాడు, తోసేయడానికి ఏదో ఒకటి మళ్లీమళ్లీ చేస్తాడు.

పిలవని ఆలోచనలు అందరికీ వస్తాయి. 13 దేశాల్లో 777 మంది విద్యార్థులను అడిగి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి 94 మంది గత మూడు నెలల్లో అలాంటిది ఒక్కటైనా వచ్చిందన్నారు. మీకూ వచ్చి ఉంటుంది. రైలు వస్తుంటే ప్లాట్‌ఫాం అంచున ఒక పాడు ఆలోచన మెరిసి పోతుంది, మీరు పట్టించుకోరు. ఓసీడీ ఉన్న మనిషి దాన్ని పట్టుకుని, నాకు ఇలా ఎందుకొచ్చింది, నేనెలాంటివాణ్ని అని విచారణ మొదలుపెడతాడు.

మతం గురించి చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఈ కుర్రాడి కోసం కొంత చదివాను, తెలిసిన ఆలిమ్ ఒకరిని అడిగాను. బయటికి చెప్పడానికే భయపడే ఆలోచనలు వస్తున్నాయని కొందరు సహచరులు ప్రవక్తకు చెప్పుకుంటే, వాటిని అంత ఘోరంగా భావించడమే ఈమాన్‌కు గుర్తని ఆయన ఊరడించినట్టు సహీహ్ ముస్లింలో ఉందట. నిశ్చయంగా తెలిసినదాన్ని ఉత్త అనుమానం చెరపదన్నది ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో మూల సూత్రాల్లో ఒకటి. వుజూకు ప్రవక్త వాడిన నీళ్లు ఒక ముద్ద్ అంటారు, లీటరుకు లోపే! ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతంవాడు అబూ జైద్ అల్ బల్ఖీ. 934లో చనిపోయాడు. శరీరారోగ్యం, మనసు ఆరోగ్యం రెండింటి మీదా రాసిన పుస్తకంలో దుఃఖం, భయం, కోపంతో పాటు వస్వాస్‌కూ చోటిచ్చాడు. వెయ్యేళ్ల పైబడిన సంగతిది. మా ఎంబీబీఎస్‌లో ఆయన పేరు నేను వినలేదు.

ఇన్ని ఉన్నా కుర్రాడు ఎందుకు బాగుపడలేదు? ఊరడింపే అతనికి అలవాటైపోయింది కాబట్టి. ఇమామ్ సాబ్‌ను అడుగుతాడు, ఆయన "పర్వాలేదు బేటా, నీ వుజూ అయింది" అంటారు. ప్రాణం కుదుటపడుతుంది, ఒక గంట. తర్వాత, నేను సరిగ్గా చెప్పానా, ఆయన సరిగ్గా విన్నారా అని మళ్లీ మొదలు. ఇంకో మసీదుకు వెళ్తాడు. రాత్రంతా ఫోన్‌లో ఫత్వాలు వెతుకుతాడు. అమ్మను ఇరవైసార్లు అడుగుతాడు. నేను రాసిన నాలుగు పరీక్షలూ అదే పని చేశాయి. ప్రతి నార్మల్ రిపోర్టూ అతని అనుమానానికి ఇంకో మేత వేసింది.

అందుకే ఇమామ్‌లను, ఆలిమ్‌లను ఒకటి అడుగుతున్నా. మొదటిసారి వస్తే మీ జవాబు మీరు చెప్పండి. అదే మనిషి అదే ప్రశ్నతో మూడోసారి వస్తే జవాబు చెప్పొద్దు, డాక్టర్ దగ్గరికి పంపండి. దువాలు పెంచమని, వుజూ ఇంకా జాగ్రత్తగా చేయమని మాత్రం చెప్పకండి. మా వాళ్లకూ ఒక మాట. "కొన్నాళ్లు నమాజ్ మానెయ్" అనే డాక్టర్లున్నారు. ఆ రోగి మళ్లీ మన గుమ్మం తొక్కడు, తొక్కక్కర్లేదు కూడా.

చికిత్స మతాన్ని ముట్టుకోదు. వుజూకు ఒక మగ్గు నీళ్లు కొలిచి ఇస్తారు, ఒక్కసారే. అనుమానం వస్తుంది, రానివ్వాలి. మళ్లీ కడగకూడదు, ఎవర్నీ అడగకూడదు, ఆ అనుమానంతోనే నమాజ్ పూర్తి చేయాలి. గుండె దడ పెరిగి పెరిగి, దానంతటదే దిగుతుంది. మొదటి వారాలు నరకంగానే ఉంటాయి, అబద్ధం చెప్పను. ఇంట్లోవాళ్లకూ పనుంది: "అయిందా అమ్మీ?" అని అడిగితే ప్రేమగానే, జవాబు చెప్పకుండా ఊరుకోవడం. చాలామంది తల్లులకు ఇదే అన్నిటికన్నా కష్టం.

సెర్‌ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులున్నాయి. గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్నా ఎక్కువ మోతాదు కావాల్సి రావచ్చు. పది రోజులు వేసుకుని పనిచేయలేదని మానేయకండి. ఇవి నిద్రమాత్రలు కావు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రాజోలం దీనికి మందు కాదు. సాధారణంగా రోజుకొకసారే గనుక రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు, ఏ పూటన్నది డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి.

సైకియాట్రీ అనగానే కుర్రాడి తల్లి "ఎర్రగడ్డకా సార్?" అంది. మన ఊళ్లో ఆ పేరుతో వేసిన జోకులన్నీ ఆవిడ ముఖంలో కనిపించాయి. బోధనాసుపత్రుల్లో మా ఓపీ పక్కనే సైకియాట్రీ ఓపీ కూడా ఉంటుంది, అదే చీటీ, అదే క్యూ. అసలు గడప దాటలేనివాళ్లు 14416కు ఫోన్ చేయొచ్చు, టెలి మానస్, ఖర్చు లేదు. నేను నరకానికే పోతాను, బతికేం లాభం అనే ఆలోచన వస్తుంటే మాత్రం ఈ రోజే చేయండి.

కుర్రాడు రెండు నెలలకోసారి మందులకు వస్తున్నాడు. చేతులు మానాయి. వుజూ పది నిమిషాలకు దిగింది, ఐదుకు రావాలి. పాడు ఆలోచనలు ఇంకా వస్తాయట, నమాజ్ మాత్రం మధ్యలో ఆపడం లేదు. మొన్న "ఇంకెన్నాళ్లు వాడాలి సార్?" అన్నాడు. కనీసం ఇంకో ఏడాది అన్నాను. "పక్కానా?" అని రెండోసారి అడగబోయి, తనే నవ్వుకుని, జుహర్ టైమవుతోందని లేచాడు.