మందు పంపు మోసే భుజానికి కూడా హక్కు ఉండాలి

2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి కనిపించిన పురుగు ఇది. పువ్వులో దూరి రసం పీలిస్తే పూత రాలిపోతుంది, కాయ నిలవదు. రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగు తగ్గలేదు, అప్పు పెరిగింది.

ఎందుకు తగ్గలేదు? తామర పురుగు గుడ్లు మొక్క కణజాలం లోపల ఉంటాయి. ప్యూపా దశ మట్టిలో గడుస్తుంది. పైనుంచి కొట్టే మందు ఈ రెండింటినీ సరిగా తాకదు. పురుగును తినే మిత్ర జీవులను మాత్రం చంపేస్తుంది.

దీనికి దారి లేకపోలేదు. మిరప రైతుకు నల్లి అంటే కింది ముడత తెచ్చే శత్రువే. కానీ తామర పురుగు పిల్లలను వేటాడి తినే నల్లులు కూడా ఉన్నాయి. ఇవి పెద్ద పురుగుల జోలికి అంతగా పోవు, అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పిల్లలను తింటాయి. వేపలోని అజాడిరక్టిన్ ఆ పిల్లల ఎదుగుదలను, కుబుసం విడవడాన్ని అడ్డుకుంటుంది. ముందు వేప మందుతో ఉధృతి తగ్గించి, కొన్ని రోజుల తర్వాత నల్లులను వదలాలి. వేప నూనె నేరుగా మీద పడితే నల్లులకూ హాని జరగవచ్చు కాబట్టి వరుస ముఖ్యం. ఘాటు రసాయనాలు కొట్టిన తోటలో ఈ నల్లులు బతకవు.

స్పెయిన్‌లోని అల్మేరియా గ్రీన్‌హౌస్ మిరప రైతులు 2007 తర్వాత పెద్ద ఎత్తున ఈ దారి పట్టారు. అంతకు ముందు వాళ్ళ మిరపలో నిషేధిత మందు అవశేషాలు బయటపడి జర్మనీ మార్కెట్ చేజారే పరిస్థితి వచ్చింది. కొనేవాడి కడుపు కోసం మారిన పద్ధతి, కూలీ ఊపిరి కోసం ఎందుకు మారదు?

నేను మందు పంపు మోసిన కుటుంబంలో పుట్టాను. ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్నది మా ఇంట్లో ఎన్నడూ నిర్ణయం కాలేదు. ఆసామి చెప్పాడు, అప్పిచ్చిన షాపువాడు డబ్బా ఇచ్చాడు, మావాళ్ళు కొట్టారు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వారిలో వ్యవసాయ కూలీలూ ఉన్నారు. పొలం ఎవరిది, పంపు ఎవరి భుజాన ఉంది అని అడిగితే కులం దానంతట అదే బయటపడుతుంది.

మిత్ర నల్లులకు ఓపిక కావాలి. వచ్చే ఏడాది ఈ చేను నా చేతిలోనే ఉంటుందన్న నమ్మకం కావాలి. కౌలు రైతుకు ఆ నమ్మకం ఎక్కడిది? ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం సాగుదారు కార్డుకు యజమాని సంతకం అడిగింది. తెలంగాణ రైతుబంధు కౌలుదారును లెక్కలోకే తీసుకోలేదు. కమతం లాభదాయకమా కాదా అన్నది దాని విస్తీర్ణం మీద కాదు, దాని మీద పెట్టగలిగే శ్రమ, పెట్టుబడి మీద ఆధారపడుతుందని అంబేడ్కర్ 1918లోనే వాదించారు. ఈ రోజు ఆ పెట్టుబడిలో జ్ఞానాన్ని కూడా కలపాలి.

అది సాధ్యమేనని పాల్వంచ మండలం పునుకుల చూపించింది. పత్తి, మిరప పండించే ఆ ఊరు 2003 ప్రాంతంలో రసాయన పురుగు మందులు మానేసింది. మహిళా సంఘాలు వేపగింజలు పొడి చేసి అమ్మాయి. మందుల షాపుకు పోయే డబ్బు ఊళ్ళో తిరిగింది.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. మిత్ర నల్లుల పెంపకం, వేపగింజల పొడి తయారీ దళిత, ఆదివాసీ మహిళా సంఘాల చేతిలో పెట్టాలి. కాయ కోసే ఆడకూలీలే పురుగును ముందు చూస్తారు. చేలో పురుగు లెక్కపెట్టే పనికి వారికి శిక్షణ, కూలీ ఇవ్వాలి. యజమాని సంతకం లేకుండానే కౌలుదారుకు కార్డు దక్కాలి. ప్రమాదకరమైన మందు కొట్టనని చెప్పే హక్కు కూలీకి చట్టంలో ఉండాలి.

చేలో నల్లిని బతకనిద్దాం అంటున్న శాస్త్రం, చేలో మనిషిని కూడా బతకనివ్వాలి.