సమ్మె హక్కు - సంప్రదింపు ధర్మము

2019 అక్టోబరులో తెలంగాణ రాష్ట్రమందలి బడులకు దసరా సెలవులు ఆ నెల 19వ తేదీవరకు పొడిగింపబడినవి. పండుగ ముగిసినను బడి తెరువకుండుటకు కారణము ఆర్.టి.సి. కార్మికుల సమ్మె. అక్టోబరు 5న ప్రారంభమై, సుమారు 48,000 మంది పాల్గొనిన ఆ సమ్మె 52 దినములు సాగి, నవంబరు 25న ఒప్పందమేదియు లేకయే విరమింపబడినది. కార్మికులు జీతములను, సంస్థ రాబడిని, ప్రజలు ప్రయాణ సౌకర్యమును కోల్పోయిరి. ముఖ్యమైన కోరిక యగు ప్రభుత్వ విలీనమునకు శాసనసభ ఆమోదము 2023 ఆగస్టులో గాని లభింపలేదు.

ఇట్టి కష్టమును చూచినవారు సమ్మెలేల యని ప్రశ్నించుట సహజము. కాని ఆ ప్రశ్న వెనుక మరియొక ప్రశ్న కలదు. పని మానుకొను శక్తి లేనివాని మాటను యజమాని ఏల వినవలెను? వేయిమంది పనిచేయు కర్మాగారమున ఒక్కడు మానినచో యంత్రము ఆగదు. వాని యింట పొయ్యి ఆరును. అందరును కలిసి మానుకొనగలిగిన నాడే ఇరుపక్షములును సమానముగా కూర్చుండి మాటలాడగలవు. కావున సమ్మెయొక్క సార్థక్యము అది జరుగుటయందు కంటె, జరుగవచ్చునన్న ఎరుకతో సంప్రదింపు సాగుటయందే అధికముగా నున్నది.

ఈ హక్కు అనాయాసముగా లభించినది కాదు. 1918 ఏప్రిల్ 27న బి.పి. వాడియా అధ్యక్షతన మదరాసు లేబర్ యూనియన్ స్థాపింపబడినది. బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు దానికి ఆధారమైరి. 1920లో యాజమాన్యము సంఘ నాయకులపై హైకోర్టున నష్టపరిహారపు దావా వేసి, కార్మికులను పని మానుటకు ప్రేరేపింపరాదని నిషేధాజ్ఞ పొందెను. న్యాయమైన కోర్కెకై పదిమందిని కూడగట్టుటయే అపరాధమైనచో సంఘమునకు అర్థమేమి? దేశమంతట రేగిన ఈ ప్రశ్నకు సమాధానముగా వచ్చినదే 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము. రిజిస్టరైన సంఘముల నాయకులను కుట్రదారులుగను, నష్టమునకు బాధ్యులుగను చేయకుండ అది కొంత రక్షణ కల్పించెను.

స్వాతంత్ర్యానంతరము చిక్కు మరియొక రూపము దాల్చెను. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము క్రింద తగవులను ట్రిబ్యునళ్లకు పంపుట పరిపాటియయ్యెను. బరంపురమున జన్మించి, రైల్వే కార్మికోద్యమమున ఆరితేరిన వి.వి. గిరి 1952లో కేంద్ర కార్మిక మంత్రియై ఈ పద్ధతిని విమర్శించెను. మూడవవాడు తీర్పు చెప్పుననెడి ఆశ ఉన్నంతకాలము ఇరుపక్షములు తమంతట తాము రాజీపడుట నేర్వవని ఆయన వాదము. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము సవరింపగా ఆయన పదవిని త్యజించెను. మధ్యవర్తి తీర్పు సైతము కార్మికునికి నిలుకడైన ఆధారము కాదని ఆ ఉదంతము చాటినది.

ఆ వాదము నేడు మరల స్మరణీయము. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులలో పారిశ్రామిక సంబంధముల స్మృతి ఒకటి. ఇందు మెచ్చదగిన అంశము లేకపోలేదు. ఒక సంస్థయందు 51 శాతము కార్మికుల మద్దతు గల సంఘమును యాజమాన్యము సంప్రదింపులకు గుర్తింపవలెను. కాని పూర్వము ప్రజోపయోగ సేవలకే వర్తించిన ముందస్తు నోటీసు నియమము ఇప్పుడు పారిశ్రామిక సంస్థలన్నింటికిని వర్తించును. నోటీసు ఇచ్చిన పిమ్మట 14 దినములు వేచియుండవలెను. రాజీ ప్రయత్నము సాగుచుండగా సమ్మె కూడదు. అది విఫలమైన పిదప ఏ పక్షమైనను నేరుగా ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. ఆ విచారణ ముగియువరకును, తరువాత 60 దినములును సమ్మె నిషిద్ధము. అనగా సంప్రదింపునకు ఇష్టపడని యజమాని ఒక దరఖాస్తుతో సమ్మెను చట్టవిరుద్ధము చేయగలడు. గిరి శంకించిన మార్గమిదియే. ముందుగా తెలియజేయుట న్యాయము. అంతులేని నిరీక్షణ న్యాయము కాదు.

ఇక మన వాకిటికి భోజనము తెచ్చు యువకుని స్థితి మరింత విచిత్రము. సామాజిక భద్రతా స్మృతి అట్టివారి క్షేమనిధికై వేదికా సంస్థలు వార్షిక వ్యాపారములో 1 నుండి 2 శాతము చెల్లింపవలెనని విధించినది. అది మేలే. కాని యజమాని - ఉద్యోగి సంబంధమునకు వెలుపలివాడని చట్టము నిర్వచించిన వానికి, బేరమాడుటకు ఎదుట యజమానియే లేడు. నిధి దయగా లభింపవచ్చును. కూలి రేటు మాత్రము మాటలాడుకొనియే తేల్చుకొనవలసినది.

సమ్మె చివరి ఆయుధమని పెద్దలందురు. చివరిదిగా మిగులవలెనన్నచో దానికి ముందు తెరచిన తలుపొకటి ఉండవలెను. అది మూసి, సమ్మెను మాత్రమే నిషేధించినచో అసంతృప్తి అణగదు. నోటీసు లేకయే బయటపడును. బడి సెలవులు పొడిగింపబడకుండ జూచు మార్గము కార్మికుని నోరు మూయుట కాదు. అతడు పని మానకముందే అతని మాట వినుట.