ఏరు దాటితే సరిపోతుందా?



భూమి, చదువు, ఓటు లోకసంబంధమైన సంగతులనీ, సంఘానికి ఆత్మల రక్షణ చాలనీ చెప్పే బోధ మన కూడికల్లో తరచుగా వినబడుతోంది. వినడానికి అది భక్తిగానే ఉంటుంది. కానీ అది వాక్యానుసారమైనది కాదని మేము గట్టిగా చెబుతున్నాము. ఎందుకో తెలియాలంటే, బానిసత్వము నుండి పారిపోయి సరిహద్దు దాటిన ఒక ప్రజ సంగతి వినాలి.

1850లో అమెరికాలో ఒక చట్టము చేశారు. దక్షిణ రాష్ట్రాల నుండి పారిపోయిన బానిస, బానిసత్వము లేని ఉత్తర రాష్ట్రాలలో దొరికినా సరే, పట్టి యజమానికి అప్పగించాలి. దాచినవారికి వెయ్యి డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. విచారణ చేసే అధికారికి, ఆ మనిషిని అప్పగిస్తే 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు ముట్టేవి. న్యాయపీఠము మీదే అన్యాయానికి రెట్టింపు కూలి!

ఇంకా బాధాకరమైన సంగతి ఏమిటంటే, పౌలు ఒనేసిమును తిరిగి పంపాడు గదా అని ఫిలేమోను పత్రిక చూపించి ఆ చట్టాన్ని సమర్థించిన బోధకులు ఉన్నారు. అదే పత్రిక 16వ వచనములో అతణ్ణి దాసుడిగా కాదు, తోడబుట్టినవాడిగా చూడమని పౌలు అడిగిన మాటను వారు మింగేశారు. ద్వితీయోపదేశకాండము 23:15,16 తెరిచి చూడండి. పారిపోయి వచ్చిన దాసుణ్ణి యజమానికి పట్టి ఇవ్వకూడదు. అంతటితో ఆగలేదు. అతడు తనకు ఇష్టమైన ఊరిలో నివసించాలి, ఎవరూ అతణ్ణి బాధపెట్టకూడదు. అంటే దేవుడు ఆలోచించినది ప్రాణము గురించి మాత్రమే కాదు, నివాసము గురించి కూడా.

ఆ రోజుల్లో వేలాదిమంది కెనడాకు పారిపోయారు. అది బ్రిటిష్ పాలనలో ఉన్న దేశము. అక్కడ 1834 నాటికే బానిసత్వము రద్దయింది. ఏరు దాటినవారు స్వతంత్రులే. కానీ చేతిలో ఏముంది? భూమి లేదు, ఇల్లు లేదు, చాలామందికి అక్షరము రాదు.

విలియం కింగ్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు 1849లో చాతం పట్టణానికి దగ్గరలో బక్స్టన్ అనే ఊరికి పునాది వేశాడు. ఆయన కూడా ఒకప్పుడు లూసియానాలో బానిసలను కలిగి ఉన్నవాడే. వారిని విడిపించి, 15 మందితో ఆ ఊరు మొదలుపెట్టాడు. సుమారు 9,000 ఎకరాల అడవి. కుటుంబానికి 50 ఎకరాలు. ఎకరము రెండున్నర డాలర్లు, పదేళ్లలో వాయిదాలుగా కట్టాలి. ఉచితముగా ఎవరికీ ఇవ్వలేదు. ఇల్లు 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పుకు తగ్గకూడదు, నాలుగు గదులుండాలి, ముందు కంచె, పూలతోట ఉండాలి. మద్యము నిషేధము. ఆ ప్రజలు చెట్లు కొట్టి, పొలాలు చేసి, తమ చెమటతో ఆ అప్పు తీర్చారు.

చుట్టుపక్కల తెల్లవారిలో కొందరు ఈ ఊరే వద్దన్నారు. ఎడ్విన్ లార్విల్ అనే నాయకుడు సభలు పెట్టి, అర్జీలు పంపి అడ్డుకోజూశాడు. ఊరు జవాబుగా బడి కట్టింది. ఆ బడి చదువు ఎంత బాగుండేదంటే తెల్లవారు కూడా తమ పిల్లలను అక్కడికే పంపారు. అక్కడ చదివిన ఆండర్సన్ అబ్బట్ 1861లో డాక్టరుగా అనుమతి పొందాడు. ఓటు హక్కు వచ్చాక ఆ ఊరివారంతా కలిసి వెళ్లి ఓటు వేశారు, లార్విల్ ఓడిపోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ పొలము, ఆ బడి, ఆ ఓటు లోకసంబంధమైనవా? అవి లేకపోతే ఏరు దాటినవాడు కొత్త దేశములో ఇంకొకరి గుమ్మము ముందు కూలివాడై నిలబడేవాడు. ఎర్ర సముద్రము దాటించిన దేవుడు అక్కడే ఆగిపోయాడా? కుటుంబాల చొప్పున భూమి పంచమన్నాడు. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు తమ వాటా అడిగితే వారు అడిగినది న్యాయమే అన్నాడు. పొలము గట్టు సంగతి పట్టించుకున్న దేవుణ్ణి మనము గుడి గోడల మధ్యకు కుదించవచ్చా?

మొదట రాజ్యమును వెదకమన్నాడు గదా అని కొందరంటారు. నిజమే. మత్తయి 6:33లో రాజ్యముతో పాటు ఆయన నీతిని కూడా వెదకమన్నాడు. ఆ రెండో మాటను ఎందుకు వదిలేస్తున్నారు? సంఘము ఒక పార్టీ జెండా మోయాలని మేము అనడము లేదు. విడుదల పొందినవాడు నిలబడడానికి చోటు కావాలంటున్నాము.

వెట్టిచాకిరిని మన దేశములో చట్టముతో రద్దు చేసినది 1976లో. పాలేరుతనము చేసిన పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. వారి మనవలకు సాక్ష్యము చెప్పించి, చప్పట్లు కొట్టి, బియ్యపు సంచితో ఫోటో దిగి పంపేసే సేవ మనకు వద్దు. ఆ పిల్లవాడు బడి మానకుండా చూడండి. ఆ తల్లి పేరున పట్టా ఉందో లేదో అడగండి. మీ ఓటును సీసాకు, నోటుకు అమ్మకండి.

బక్స్టన్‌లో ఒక గంట ఉండేది. పిట్స్‌బర్గ్‌లోని నల్లజాతి ప్రజలు దాన్ని కానుకగా పంపారు. బానిసత్వము తప్పించుకుని ఎవరు ఊరు చేరినా ఆ గంట మోగేది. గంట మోగించి ఊరుకోలేదు వారు, పక్కన చోటు చూపించారు. మన సంఘము గంట కూడా ప్రతి ఆదివారము మోగుతోంది. వచ్చినవారికి మన మధ్య చోటు ఉందా?

ప్రభువు మిమ్మును బలపరచును గాక. ఆమేన్.