అయిదుగురు ప్రధానులు, ఒక్క తెలుగువాడూ లేడు

హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 దగ్గరపడితే చాలు, నిజాం మంత్రివర్గం మీద పాత తగవు మళ్ళీ మొదలవుతుంది. ఒకరు మహారాజా కిషన్ పర్షాద్ పేరు చూపి, హిందువును ప్రధానిగా పెట్టుకున్న రాజు మతవాది ఎలా అవుతాడని అడుగుతారు. ఇంకొకరు మిగతా పేర్లు గడగడా చదివి, అది ముస్లిం దర్బారు కాక మరేమిటంటారు. గద్వాల దగ్గరి మా గట్టులో కూర్చుని ఈ రెండు వాదనలూ వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇద్దరూ మతాన్నే లెక్కపెడుతున్నారు. భాషను లెక్కపెట్టిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ లెక్క ఇదీ. 1919లో ఏడో నిజాం బాబె హుకూమత్ పేరుతో మంత్రిమండలి ఏర్పాటు చేశాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేదాకా దానికి అధ్యక్షులు, అంటే ప్రధానులు, అయిదుగురు. పాట్నా బారిస్టరు సర్ అలీ ఇమామ్, పార్సీ అయిన ఫరీదూన్ ఉల్ ముల్క్, పాయెగా వంశీకుడు వలీ ఉద్దౌలా, 1926 నుంచి పదకొండేళ్ళు కిషన్ పర్షాద్, 1937లో బొంబాయి ప్రాంతం నుంచి వచ్చిన అక్బర్ హైదరీ. అయిదుగురిలో ఒక్కరి మాతృభాషా తెలుగు కాదు. 1931 జనగణనలో సంస్థానం జనాభా 1 కోటి 44 లక్షలు. అందులో దాదాపు సగం తెలుగువాళ్ళు. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్ళు పదిమందిలో ఒక్కరు. మరాఠీ, కన్నడ రైతులకూ ఆ కుర్చీ దక్కలేదు, నిజమే. కానీ సగం జనానికి సున్నా అంటే మాటలా?

సమర్థులను ఎక్కడున్నా వెతికి తెచ్చుకున్నారు, తప్పేముందనే వాదన ఉంది. అలీ ఇమామ్, హైదరీ సమర్థులే, కాదనను. రైల్వేను 1930లో సంస్థానం సొంతం చేసుకోవడంలో హైదరీ తెలివి ఉంది. మరి వనపర్తి సంస్థానంలో పుట్టిన వెంకటరామారెడ్డి సంగతేమిటి? 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాల్‌గా రాజధానిని అదుపులో పెట్టినవాడు ఆయన. హుకుం అమలు చేయడానికి పాలమూరు బిడ్డ పనికొచ్చాడు. ఆ హుకుం తయారయ్యే గదిలో పెద్ద కుర్చీ మాత్రం మనవాళ్ళెవరికీ అందలేదు. ఇంగ్లీషువాళ్ళకైతే ఆ గది తలుపు తెరుచుకుంది. 1926లో వైస్రాయ్ రీడింగ్ కన్నెర్ర చేశాక రెవెన్యూ శాఖ కల్నల్ ట్రెంచ్ చేతికి వెళ్ళింది.

అలంపురం దాటి తుంగభద్ర అవతలికి వెళ్తే కర్నూలు, మద్రాసు రాష్ట్రం. అక్కడ అదే ఇరవై ఏళ్ళలో పానగల్ రాజా, మునుస్వామి నాయుడు, బొబ్బిలి రాజా, కూర్మా వెంకటరెడ్డి నాయుడు ప్రధానులయ్యారు. 1937 రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం, వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి ఉన్నారు. ఓటు కొద్దిమందికే ఉండేది, పైవాళ్ళలో జమీందార్లూ ఉన్నారు, ఒప్పుకుంటాను. అయినా ఏటికి అవతల తెలుగువాడు ప్రధాని కాగలిగాడు. ఇవతల సగం జనానికి సున్నా.

మన గట్టు అప్పుడు గద్వాల సంస్థానంలో, రాయచూరు జిల్లా వైపు ఉండేది. పైన గద్వాల కోట, ఆ పైన నిజాం మండలి. ఆ ప్రభుత్వ అధికార భాష ఉర్దూ. ఈ అన్యాయాన్ని ముందే పట్టుకున్నవాడు కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మన నడిగడ్డ మనిషే. ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడయ్యాడు. తెలంగాణలో కవులే లేరన్నవారికి 1934లో 354 మంది కవుల సంకలనంతో జవాబిచ్చాడు. అంతకుముందు 1921లో హైదరాబాద్ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. వాళ్ళ కొట్లాట భాష కోసం. దాన్నిప్పుడు మతం కొట్లాటగా మార్చి చెప్పడం వాళ్ళకు చేసే ద్రోహం.

1939లో నిజాం సంస్కరణలు ప్రకటించాడు. శాసనసభ 85 మందితో, ఎన్నికయ్యేవారు 42 మంది. ఆ ఎన్నికల స్థానాలను హిందువులకూ ముస్లింలకూ చెరి సగం పంచారు. తెలుగువాడికి ఎన్ని, మరాఠీవాడికి ఎన్ని అని అడిగే వీలే లేకుండా చేశారు. మంత్రిమండలి ఆ సభకు జవాబు చెప్పాల్సిన పనీ లేదు. మతం లెక్క నిజాం ప్రభుత్వం గీసిన గీత. నిజాంను పొగిడేవాళ్ళూ తెగిడేవాళ్ళూ ఈనాటికీ ఆ గీత మీదే నడుస్తూ, ఎదుటివాడిని చరిత్ర తెలియనివాడంటున్నారు.

ఆ అయిదు పేర్లూ, పక్కన ఒక్కొక్కరి మాతృభాషా, కింద 1931 జనాభా లెక్కా వేసి పాఠ్యపుస్తకంలో అచ్చు వేయండి. ఆ పట్టికను గద్వాల బడిపిల్లల ముందు పెట్టే ధైర్యం లేకుండా, నిజాంను మెచ్చుకునే హక్కు గానీ తిట్టే హక్కు గానీ మీలో ఎవరికీ లేదు.